కలిపినవాళ్ళు చూడకూడదు

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కిటికీ పక్కనున్న మూడో బల్ల మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే ప్రయోగం నడిచింది. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన ఇంటూ గుర్తు ఉంటుంది. దాని మీద బీకరు. బీకరులో యాభై మిల్లీలీటర్ల సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, ల్యాబు మాటల్లో థయో, నీళ్ళంత తేటగా. అందులో ఐదు మిల్లీలీటర్ల యాసిడ్ పోసి, పోసిన క్షణానే స్టాప్‌వాచ్ నొక్కి, పైనుంచి తిన్నగా చూడాలి. మొదట ఏమీ కాదు. కాసేపటికి నీళ్ళలో పాలచుక్క పడ్డట్టు మసక మొదలవుతుంది. థయో విరిగి బయటపడే సన్నటి గంధకం అది. మసక చిక్కబడుతూ చిక్కబడుతూ ఇంటూ గుర్తు పూర్తిగా మాయమైన క్షణాన వాచ్ ఆపాలి. నలభై సెకన్లు.

ఆ నలభై బాబాయిది. ల్యాబు అటెండరుకి స్టాప్‌వాచ్ బాబాయ్ అని పేరు పెట్టింది ఎప్పటి పిల్లలో ఎవరికీ తెలియదు. సీసాలు కడిగే పనికి వచ్చినప్పుడు ఆయన చదువు పదో తరగతి. విద్యార్థులు పారేసిన పాఠ్యపుస్తకాలు అట్టలేసుకుని చదివాడు. అర్థం కానిది బీకరులో చేసి చూసుకున్నాడు. పదేళ్ళు తిరిగేసరికి కొత్తగా చేరిన లెక్చరర్లు కూడా తలుపు వేసి మరీ ఆయన్ని అడిగి తెలుసుకునేవాళ్ళు.

"రేటంటే హడలిపోకండ్రా," అనేవాడు పిల్లలతో. "ఇరుకు సందులో నలుగురు నడుస్తున్నారనుకో, ఎవరికెవరూ తగలరు. నాలుగొందల మంది నడిస్తే? అడుగుకో భుజం తగులుతుంది. బీకరులో కూడా అంతే. మందు చిక్కగా ఉంటే తగులుళ్ళు ఎక్కువ, పని తొందరగా తెములుతుంది. వేడి చేశావా, అందరూ పరిగెత్తుతారు. పరిగెత్తేవాడు ఊరికే తగలడు, గుద్దుకుంటాడు. పది డిగ్రీలు పెంచితే వేగం ఇంచుమించు రెట్టింపు."

"మరి వేగాన్ని చూడ్డం ఎలా బాబాయ్?"

"వేగం కనబడదు. పోయేదో వచ్చేదో ఒకటి పట్టుకుని, ఎంతసేపట్లో అని లెక్కేసుకోవడమే. గాలి పుడితే సిరంజిలో పట్టు. పాలరాయి కరుగుతుంటే త్రాసు మీద పెట్టి బరువు ఎంత తగ్గిందో చూడు. రంగు పోతుంటే రంగు చూడు. ఇక్కడ పోయేది ఇంటూ. టైము సగమైతే వేగం రెట్టింపైనట్టు. అంతకంటే ఏం లేదు."

ద్రావణాలు కలిపేది ఆయన చెల్లెలు. ఇరవై ఎనిమిదేళ్ళకే భర్త పోయి, చంకలో పిల్లతో నిలబడ్డప్పుడు ఆయనే హెడ్డు సారు కాళ్ళావేళ్ళా పడి ల్యాబులో టెంపరరీ పనిలో పెట్టించాడు. పెట్టించి ఊరుకోలేదు, ఏడాదిపాటు పక్కన నిలబడి నేర్పాడు. గిన్నెలో థయో పలుకులు తూచడం. తూచిన గిన్నెను మూడుసార్లు కడిగి ఆ కడుగునీళ్ళు కూడా లీటరు ఫ్లాస్కులోనే పోయడం. వంగి, కంటిని గీత ఎత్తుకి తెచ్చి, నీటి వంపు అడుగు గీతకి ఆనేలా ఆఖరి చుక్క వేయడం. థయో చెడకుండా చిటికెడు సోడా. చివరికి లేబులు, దాని మీద మందు పేరు, బలం, తేదీ. ఆమె రాత అచ్చుగుద్దినట్టు ఉండేది. పిల్లలు ఆమెకి లేబులత్త అని పేరు పెట్టారు. బాబాయికి చెల్లెలు కాబట్టి అత్తే అవుతుందని వరస కూడా వాళ్ళే కలిపారు.

వాళ్ళిద్దరి మధ్య ఒక నియమం ఉండేది. కలిపినవాళ్ళు చూడకూడదు. అది బాబాయి పెట్టిందే. చెల్లెలు రాకముందు ఒకసారి తనే సగం బలంతో థయో కలిపాడు. సగం బలమంటే ఎనభై సెకన్లు రావాలి. తనే చూశాడు, సరిగ్గా ఎనభై వచ్చింది. అదే సీసాతో ఇంకొకరు చూస్తే డెబ్భై ఒకటి. మళ్ళీ చేసినా డెబ్భై ఒకటే. ఫ్లాస్కులో నీళ్ళు తక్కువ పోసింది తనే. ఎనభై రావాలని మనసులో ఉంది కాబట్టి వేలు ఎనభై దాకా ఆగింది. ఆ రోజే తీర్మానించుకున్నాడు, చేసిన చేతికి సాక్ష్యం చెప్పే పని అదే మనిషి కంటికి ఇవ్వకూడదని.

ఇరవై రెండేళ్ళు చెల్లెలు కలిపింది, ఆయన చూశాడు.

"అన్నయ్యా, ఇన్ని లీటర్లు కలిపాను, ఒక్కసారైనా ఆ ఇంటూ ఎలా పోతుందో చూడనివ్వవా?"

"పరీక్ష రాసినవాళ్ళే పేపర్లు దిద్దుకుంటారా?"

"సరేలే. రిటైరయ్యాక టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూస్తాను."

"ముందు వరస టిక్కెట్టు నేనే కొంటాలే," అనేవాడు.

ఆ బల్ల దగ్గర ఇంకో అలవాటు కూడా ఉండేది, అది ఎవరూ పెట్టింది కాదు. ప్రతి బ్యాచికీ కొత్త సీసా తెరిచినప్పుడు బాబాయి ముందుగా ఒకసారి టైము చూసి బోర్డు మూలన రాసేవాడు. దాన్ని బట్టే సార్లు మార్కులు వేసేవాళ్ళు. పిల్లలు తెలివైనవాళ్ళు. తమకి నలభై నాలుగు వచ్చినా ముప్పై ఏడు వచ్చినా రికార్డులో బాబాయి టైముకి అటూ ఇటూగా రాసుకునేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ లోలోపల కాస్త పొంగిపోయేవాడు.

ముప్పయ్యో ఏట ఆ టైము జారడం మొదలుపెట్టింది. ముందు ముప్పై ఎనిమిది. రెండు నెలలకి ముప్పై ఐదు. బాబాయి సీసాలు నిలబెట్టే నీళ్ళ తొట్టిలో వేడి చూశాడు, ఇరవై ఐదు డిగ్రీలే. యాసిడ్ మార్చాడు. స్టాప్‌వాచ్‌ని గోడగడియారంతో పోల్చాడు. త్రాసు మీద తూకంరాళ్ళు పెట్టి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముప్పై మూడు. ఆ తర్వాత ముప్పై. బోర్డు మీద అంకె దిగుతుంటే పిల్లల రికార్డులూ దాని వెంటే దిగాయి. ఎవరికీ తేడా కనబడలేదు.

వేడి మారక, యాసిడ్ మారక, వేగం పెరిగిందంటే మిగిలింది ఒకటే. థయో చిక్కగా ఉంది. నలభై రావాల్సిన చోట ముప్పై వచ్చిందంటే మందు మూడో వంతు ఎక్కువ పడింది. లీటరుకి నలభై గ్రాములు వేయాల్సింది యాభై మూడు వేసినట్టు. లెక్క తప్పుపట్టడానికి లేదు.

"చూసుకుని తూస్తున్నావా?" అన్నాడు చెల్లెలితో.

"నీ ముందే తూస్తాను, చూడు," అంది. తూచింది. నలభై. కలిపింది. ఆయన టైము చూశాడు. ముప్పై.

"నేను చూస్తున్నప్పుడు ఒకలా, చూడనప్పుడు ఒకలా కలుపుతున్నావనుకున్నాను. చూస్తున్నా అంతేనన్నమాట. తూకం సరిగ్గా ఉన్నా కలిపే చేతిలోనే పోయింది పట్టు."

అప్పుడామె ఒక మాట అంది. బల్ల చుట్టూ ఇరవై మంది పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఫిజిక్స్ ల్యాబు అటెండరు ఏదో సీసా అడగడానికి వచ్చి గుమ్మంలో ఆగింది. చెల్లెలు గొంతు తగ్గించే అంది.

"ఒకసారి కళ్ళు చూపించుకో అన్నయ్యా. మొన్న టీ గ్లాసు బల్ల మీద పెడుతున్నాననుకుని గాల్లో పెట్టావు."

ఆమె గొంతు తగ్గించింది గాని ఆయన తగ్గించలేదు.

"జాలిపడి తెచ్చి పెట్టాను నిన్ను. పని వచ్చని కాదు. వచ్చుంటే ఎదుటివాడి కళ్ళకి వంక పెట్టవు."

ఎవరి బీకరులోనో తిరుగుతున్న గాజుకడ్డీ ఆగిపోయింది. చెల్లెలు ఏప్రన్ విప్పి, మడిచి, కలపాల్సిన సీసాల పక్కన పెట్టింది. మళ్ళీ ఏమనుకుందో తీసి కట్టుకుని, ఆ రోజుకి మిగిలిన తొమ్మిది సీసాలూ కలిపింది. లేబుళ్ళు రాసింది. రాత ఒక్క చోట కూడా వణకలేదు.

మర్నాడు బాబాయి చెల్లెలు కలిపే మందు తప్పుతోందని చెప్పడానికి హెడ్డు సారు దగ్గరికి వెళ్ళాడు. తనవాళ్ళని వెనకేసుకొస్తున్నాడని రేపెవరూ అనకూడదని ఆయన ఉద్దేశం.

"టైట్రేషన్ చేసి మందు బలమెంతో చూడకపోయారా, అరగంట పని," అన్నాడు సారు.

"అక్కర్లేదు సార్. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న కన్ను."

టెంపరరీ మనిషిని కదపడానికి పెద్ద కాగితాలేం అక్కర్లేదు. ఆమెని పాత భవనంలో గాజుసామాను కడిగే గదికి మార్చారు. సెలవులయ్యాక మళ్ళీ పిలవలేదు. ఊరి అవతల ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరిందని ఫిజిక్స్ అటెండరు చెప్పింది. "బ్లీచింగు నీళ్ళలో చేతులన్నీ పగిలిపోయాయి పాపం," అని కూడా చెప్పింది, ఆయన అడక్కుండానే.

ఆ తొమ్మిది సీసాల్లో ఒకదాని లేబులు మీద ఎర్ర సిరాతో అడ్డంగా 'ఎక్కువ' అని రాసి, బాబాయి అలమరలో దాచిపెట్టాడు. ఎవరైనా నిలదీస్తే చూపించడానికి. ఎవరూ నిలదీయలేదు.

కొత్త ఏడాది నుంచి కంపెనీ గాజు గొట్టాలు వచ్చాయి. ఒక్కోదాంట్లో కొలిచి మూసిన మందు. పగలగొట్టి లీటరు నీళ్ళలో పోస్తే చాలు, తూకంతో పనిలేదు. మొదటి గొట్టం పోసి బాబాయి టైము చూశాడు. ఇరవై ఏడు. కంపెనీ వాళ్ళని తిట్టుకుంటూ బోర్డు మీద ఇరవై ఏడే రాశాడు.

వారం తర్వాత సబ్బునీళ్ళు చింది కుడి కన్ను మండింది. రుమాలు తడిపి ఆ కంటి మీద అదుముకుని, పని ఆగకూడదని ఎడమ కంటితోనే చూశాడు. ఇంటూ గుర్తు పందొమ్మిదికే పోయింది. గంట తర్వాత మంట తగ్గాక రెండు కళ్ళతో చూశాడు. ఇరవై ఏడు. అదే ఫ్లాస్కు, అదే తొట్టి, అదే యాసిడ్.

బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేచి రెండు బీకర్లు పెట్టాడు. ఒకటి ఎడమ కంటితో చూశాడు, ఇంకొకటి కుడి కంటితో. పందొమ్మిది. ఇరవై ఏడు. ఒకే మందుకి, ఒకే వేడిలో, రెండు వేగాలుండవు. మసక బీకరులో మొదలు కావడానికి ముందే కొంత ఆయన కంట్లో ఉంది. బీకరు పట్టాల్సిన మసకలో అంత భాగం కన్నే పట్టేస్తోంది. అందుకే గుర్తు తొందరగా పోతోంది.

వరసలో ముందున్న ఇద్దరమ్మాయిలని పిలిచాడు. బోర్డు మీద అంకె చెరిపేశాడు.

"మీ కంటికి ఎప్పుడు పోతే అప్పుడే ఆపండి. నా టైము మర్చిపోండి."

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చేశారు.

"నలభై ఒకటి బాబాయ్. తప్పొచ్చిందా?"

"లేదు."

"మరి రికార్డులో ఇరవై ఏడు రాసేసుకున్నామే."

"కొట్టేయండి," అన్నాడు బాబాయి.

అలమర తెరిచి, ఎర్ర సిరాతో 'ఎక్కువ' అని రాసిన సీసాని చేత్తో తడిమాడు. మూత మాత్రం తీయలేదు. దాన్ని కలిపిన మనిషి లేనిచోట తీయడానికి చేతులు రాలేదు.

కంటి డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని, ఎడమది బాగా ముదిరిందని చెప్పింది. "చిన్న ఆపరేషన్. మళ్ళీ కుర్రాడిలా చూస్తారు. మూడేళ్ళ నుంచి ఉండుంటుంది, ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అన్నాడు.

హెడ్డు సారుకి చెప్పాడు. నోటితో చెప్పి ఊరుకోకుండా రాసిచ్చాడు కూడా. ద్రావణాలు మొదటినుంచీ సరైన బలంతోనే ఉన్నాయి, తప్పు చూసిన కంటిది, ఆ కన్ను నాది అని. సారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. "ఆ పోస్టే లేదిప్పుడు. గొట్టాలొచ్చాయి. మీ బల్ల మీదికి కూడా వెలుతురు కొలిచే మిషను వస్తోంది, గుర్తు చూసే పని అది చేస్తుంది. నేనేం చేయగలను చెప్పండి?" అని కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

ఆపరేషన్‌కి ఇంకా వారం ఉంది. బాబాయి ఆగలేకపోయాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక సంచిలో ఎర్ర రాత సీసా, యాసిడ్ సీసా, బీకరు, కొలపాత్ర, థర్మామీటరు, స్టాప్‌వాచ్, ఇంటూ గీసిన కాగితం సర్దుకుని చెల్లెలు ఉంటున్న మేడ ఎక్కాడు. తలుపు తీసింది మేనకోడలు. ఏదో బట్టల షాపులో పనిచేస్తోంది.

"అమ్మా, మామయ్య వచ్చాడు. సంచి కూడా తెచ్చాడు, ఇంకేం తప్పు దొరికిందో."

చెల్లెలు లోపలినుంచి వచ్చింది. చేతులకి ఏదో పూత రాసుకుని ఉంది, వేళ్ళు దూరదూరంగా పెట్టి పట్టుకుంది.

"కూర్చోండి," అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన్ని నువ్వనే పిలిచింది. బాబాయి కూర్చున్నాడు. చెప్పాల్సింది తిప్పకుండా చెప్పాడు. ఎడమ కన్ను, కుడి కన్ను, ఇద్దరు పిల్లలు, డాక్టరు, హెడ్డు సారు, ఫైలు. చివర్న సీసా బయట పెట్టాడు. తన రాతని అడ్డంగా కోస్తూ పోయిన ఎర్ర అక్షరాలని ఆమె చూసింది.

"ఇన్నాళ్ళూ దాచారా దీన్ని?"

"మూత తీయలేదు. నీ ముందే తీద్దామని. నువ్వే చూడాలి. ఈ ఒక్కసారికి నియమం లేదు." కాస్త ఆగి, నవ్వు తెచ్చుకుని అన్నాడు. "ముందు వరస టిక్కెట్టు."

ఆమె నవ్వలేదు.

"కలిపినవాళ్ళు చూడకూడదు కదా," అంది. "అమ్మాయిని చూడమనండి." కుర్చీ గోడవైపుకి తిప్పుకుని కూర్చుంది.

మేనకోడలు సీసాలు నిలబెట్టడానికి ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చింది. బాబాయి వేణ్ణీళ్ళు కొన్ని కలిపి, థర్మామీటరు కిటికీ దగ్గర పట్టుకుని చూడబోయి, కనబడక ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. ఇరవై ఐదు అని చదివింది. యాభై కొలిచింది. ఐదు కొలిచింది. మామయ్య ఎలా చెబితే అలా పోసింది, వాచ్ నొక్కింది, వంగింది. గదిలో గంధకపు వాసన మెల్లగా లేచింది. బాబాయి బీకరువైపు చూడలేదు. గోడవైపు తిరిగిన వీపునే చూస్తున్నాడు. అది కదల్లేదు.

"పోయింది," అంది మేనకోడలు. వాచ్ చూసింది. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదిప్పుడు. "నలభై."

చెల్లెలు కుర్చీ తిప్పుకుంది.

"నాకు తెలిసిందే కదా అది," అంది.

"నాకు తెలియలేదు. తప్పంతా నాదే."

"బీకరు సంగతి తేల్చేశారు. బాగుంది. ఆ రోజు పిల్లలందరి ముందు ఒక మాటన్నారు. అది గుర్తుందా?"

"ఉంది."

"చెప్పండి."

ఆయన పెదవులు తడుపుకున్నాడు. "జాలిపడి తెచ్చాను, పని వచ్చని కాదు అన్నాను."

"కంటికి శుక్లం వచ్చింది సరే. ఆ మాట కూడా కంట్లోంచే వచ్చిందా?"

ముప్పై ఏళ్ళలో ఎవరు ఏ ప్రశ్న వేసినా బాబాయి బీకరు పెట్టి చూపించినవాడు. దీనికి ఏం పెట్టి చూపించాలో తెలియలేదు.

"ఇరవై రెండేళ్ళు అనుకున్నాను, వీధిలో పడాల్సినదాన్ని పని నేర్చుకుని నిలబడ్డానని," అంది చెల్లెలు. మెల్లగానే అంది. "మీరు నేర్పారు కాబట్టి మీకు తెలిసే ఉంటుందనుకున్నాను, వచ్చిందో లేదో. తెలిసినవాళ్ళు మీరొక్కరే. మీరు రాలేదన్నాక ఇంకెవరిని అడగను?"

"వచ్చింది. నాకంటే బాగా వచ్చింది."

"ఇప్పుడంటున్నారు."

ఆమె లేచి బీకరు తీసుకెళ్ళి కడిగింది. పగిలిన చేతులకి నీళ్ళు తగిలి మండుతున్నట్టుంది, మోచేతులు దగ్గరికి లాక్కుంది. అయినా మూడుసార్లు కడిగింది, ఆయన నేర్పినట్టే. బోర్లించి, నీళ్ళు ఓడ్చి, గుడ్డ పెట్టకుండా అలాగే తెచ్చి సంచిలో పెట్టింది. ఎర్ర రాత సీసా మాత్రం ఆయన తీసుకుంటుంటే ఆపలేదు, ఉంచమనీ అడగలేదు.

"కన్ను ఎప్పుడు?" అంది.

"వచ్చే సోమవారం. ముందు ఎడమది."

"సబ్బునీళ్ళు తగలనివ్వకండి."

మెట్లు నిటారుగా ఉన్నాయి. ఆమె ఆయన మోచేయి పట్టుకుని దింపింది. ఒక్కో మెట్టుకీ ఆగి, ఆఖరి మెట్టు విరిగి ఉందని ముందే చెప్పి, నేల మీద కాలు ఆనాక చేయి వదిలింది. పైకి వెళ్ళిపోయింది.

బాబాయి రోడ్డు దాటి నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. పై అంతస్తులో గుమ్మం తెల్లగా కనబడుతోంది, మధ్యలో ఏదో నిలువుగా, బూడిదరంగులో. చెల్లెలు నిలబడి ఉండొచ్చు. తలుపుకి వేలాడే తువ్వాలు కావచ్చు. సంచి చెయ్యి మార్చుకోకుండా అలాగే నిలబడి, అలవాటు చొప్పున లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పందొమ్మిది దాకా ఉందనిపించింది. ఇరవై ఏడు దాటాక ఉందో లేదో చెప్పలేకపోయాడు. నలభై దాకా లెక్కపెట్టి, ఎవరైనా అటువైపు వెళుతుంటే పైన మనిషి ఉందా అని అడుగుదామనుకున్నాడు. ఒకామె వచ్చింది, ఆయన పక్కనుంచే వెళ్ళింది. అడగలేదు.